ఎనభయ్యో పేజీ తరువాత

బోథ్,
6 జూన్ 1986

కరీంనగర్ మానేరు బుక్ డిపో మేనేజరు గారికి బోథ్ రైతు జలపతిరావు రాయునది.

ఇక్కడ అందరం బాగున్నాం, వాన ఒక్కటే ఇంకా రాలేదు. మీరు పంపిన పత్తి చీడల పుస్తకం మొన్న మా పోస్ట్‌మ్యాన్ హనుమండ్లు తెచ్చి ఇచ్చాడు. పుస్తకం చినగలేదు, నలగలేదు. దాని మీద నాకు ఫిర్యాదు లేదు. ఇంకా తెరవలేదు కూడా.

ఫిర్యాదు దానికి చుట్టిన కాగితం మీద.

మా ఇంట్లోకి వచ్చిన అచ్చు కాగితం చదవకుండా బయటికి పోదు. బెల్లం పొట్లమైనా సరే. మా బాపు నాటి నుంచి వస్తున్న అలవాటు. మీ కాగితం పెద్దది, రెండు వైపులా అచ్చు. చదవబోతే 65వ పేజీ పక్కన 80, వాటి నెత్తిన తలకిందులుగా 72, 73. మంచం మీద పరిచి, కాగితాన్ని తిప్పుతూ చదివాను. కాగితం తిప్పడం విసుగొచ్చాక మంచం చుట్టూ నేనే తిరుగుతూ చదివాను.

సుగుణ అని ఒక పంతులమ్మ. మొదట ఆమె ఒక ఉత్తరాన్ని పప్పు డబ్బాలో దాచింది. ఆ తరువాత పోస్ట్‌మ్యాన్ దాన్ని తెచ్చి ఇచ్చాడు. అదంతా అయ్యాక రాజరత్నం అనే మనిషి ఉత్తరం రాస్తానని మాట ఇచ్చి బొగ్గుబాయి పనికి రైలెక్కాడు. ఇలా ఎక్కడన్నా ఉంటుందా? నా భార్య తారాబాయి విని, "మతి లేంది గది రాసినాయనకా, చదివెటోళ్లకా?" అంది.

ఈ కథ వరుసగా ఉన్న పుస్తకం ఉంటే వెంటనే వి.పి. పార్సిలులో పంపగలరు.

మీ జవాబు కోసం గడపలో కూర్చున్న
జలపతిరావు

తా.క. పత్తి పుస్తకం ఈ వారంలో తెరుస్తాను. పురుగు ఎట్లాగూ వానలు పడ్డాకే వస్తుంది.


కరీంనగర్,
12 జూన్ 1986

జలపతిరావు గారికి వందనాలు.

నేను మేనేజరును కాను. కొట్టు భూపాల్‌రావు గారిది. నేను పుస్తకాలు అమ్మి, పార్సిళ్లు కడతాను.

మీరు చదివింది అచ్చయి, కుట్టు పడకుండా మిగిలిపోయిన ఫారం. ఒక ఫారం అంటే పదహారు పేజీలు. 65వ పేజీ బయటికి ఉండేటట్టు మధ్యకు మూడుసార్లు మడిచి, అంచులు చాకుతో కోస్తే పేజీలు వరుసకు వస్తాయి. ఉత్తరం పోస్ట్‌మ్యాన్ తెచ్చాకే పప్పు డబ్బాలోకి పోతుంది. రాసినామెకు మతి ఉంది.

ఆ పుస్తకం అమ్మకానికి లేదు.

మీ చేలకు దేవుడు వాన ఇచ్చుగాక.

ఎం. మగ్దలేనమ్మ

తా.క. చాకుతో జాగ్రత్త.


బోథ్,
21 జూన్ 1986

మగ్దలేనమ్మ గారికి, వానలో తడిసిన బోథ్ నుంచి జలపతిరావు.

మీ దీవెన తగిలింది. మూడు రోజులుగా ఒకటే వాన. చేలోకి పోలేక ఇంట్లో ఉన్నాను కనుక ఫారం మడిచాను. అంచులు తారాబాయి కోసింది. నా చేతికి చాకు ఇవ్వలేదు. మీ తా.క. ఆమే ముందు చదివింది.

వరుసన చదివితే కథ వేరు. సుగుణ ఇంటికి పెద్దబిడ్డ. వెనక చెల్లెళ్లు, తమ్ముడు. రాజరత్నం వచ్చి పెళ్లి మాట అడిగితే, "చెల్లె పెళ్లయినంక అడుగు" అంటుంది. అతను సరేనని బొగ్గుబాయికి పోతాడు. నాలుగేళ్లకు ఉత్తరం వస్తుంది. ఆమె తెరవదు. పప్పు డబ్బాలో పెడుతుంది. రోజూ బడి నుంచి వచ్చి, తీసి, చూసి, పప్పు దులిపి, మళ్లీ పెడుతుంది. తొమ్మిది రోజులు! మా ఇంట్లో తొమ్మిది రోజులు పప్పు ఉండదు, ఉత్తరం సంగతి సరే.

ఇక ఎనభయ్యో పేజీ చివర: "సుగుణ కిటికీ దగ్గరికి వచ్చి, తలలోంచి పిన్ను తీసింది. దాన్ని కవరు అంచులోకి దూర్చి, కళ్లు మూసుకుని, మెల్లగా"

మెల్లగా. అంతే. చుక్క కూడా లేదు. కాగితం అయిపోయింది.

మగ్దలేనమ్మ గారూ, రెండు రోజులుగా అన్నం సయించడం లేదు. పుస్తకం అమ్మకానికి లేదన్నారు, సరే. మీకు ఇబ్బంది లేని ఉపాయం ఒకటి చెబుతాను. కోళ్ల పెంపకం మీద ఏదైనా పుస్తకం పంపండి. చుట్టే కాగితం మీ ఇష్టం. నేను అడగను. 81తో మొదలయ్యే కాగితం చేతికి దగ్గరగా ఉంటే దాన్ని పక్కకు నెట్టవద్దని మాత్రమే నా మనవి.

అరచేతిలో ప్రాణం పెట్టుకున్న
జలపతిరావు

తా.క. మాకు కోళ్లు లేవు. తారాబాయి ఇంటి ఆవరణలోకి రానివ్వదు.


కరీంనగర్,
28 జూన్ 1986

జలపతిరావు గారికి వందనాలు.

కోళ్ల పుస్తకం పంపాను. కాగితం మీద ఆశ పెట్టుకోకండి.

బడులు తెరిచారు. పిల్లలు, వాచకాలు, అట్టలు. ఇంతకంటే రాయలేను.

ఎం. మగ్దలేనమ్మ

తా.క. అన్నం తినండి.


బోథ్,
17 జూలై 1986

మగ్దలేనమ్మ గారికి, మోసపోయిన జలపతిరావు నుంచి.

కోళ్ల పుస్తకం వచ్చింది. కాగితం విప్పాను. 65! అదే సుగుణ, అదే పప్పు డబ్బా, అదే "మెల్లగా".

పొరపాటు అనుకున్నాను. చిన్న పార్సిలుకు చేతికందింది చుడతారు, నలుగురు అడిగితే నాలుగు రకాలు వస్తాయి కదా అని పక్కింటి సక్కుబాయి చేత కుట్టుపని పుస్తకానికి ఆర్డరు రాయించాను. గ్రంథాలయం సెక్రటరీ లింగారావు చేత పెద్ద నిఘంటువుకు రాయించాను, లావు పుస్తకానికి రెండు కాగితాలు పడతాయని. హనుమండ్లు తన డబ్బులతో ఉత్తరాలు రాయు విధానము అనే పుస్తకం తెప్పించాడు. ఇంకో నలుగురు కోళ్ల పుస్తకాలకే రాశారు. నిన్న ఒక్కరోజే ఏడు పార్సిళ్లు వచ్చాయి. మా అరుగు మీద అందరం కూర్చుని ఒక్కొక్కటి విప్పాం. 65. 65. 65. నిఘంటువుకు రెండు చుట్టారు. రెండూ 65!

ఇప్పుడు బోథ్‌లో ఈ పదహారు పేజీలు చదవనివాళ్లు లేరు. ఊరు రెండు పక్షాలైంది. ఉత్తరంలో ఏముంది అన్నదే తగువు. నేనూ లింగారావూ, "పెండ్లి చేసుకున్న, నువ్వు ఎదురుచూడకు" అని ఉంటుందని అంటాం. తారాబాయి పక్షం, "వచ్చి తీస్కపోత" అని ఉంటుందని అంటుంది.

"మొగోడు నాలుగేండ్లు ఊకె ఉంటడానే?" అన్నాను.

"అందరు మీ తీర్గ ఉంటరా? మా బాపు ఆర్నెల్లు ఆగుమంటే మూడో నెలనే గుమ్మం ముంగట నిలబడ్డరు" అంది, నలుగురిలో.

హనుమండ్లు ఏ పక్షమూ కాదు. "ఉత్తరమిచ్చినంక తొమ్మిది రోజులు తెరువకుండ పెట్టుడు మా డిపార్టుమెంటుకే అవమానం" అంటాడు. అతని కోపం సుగుణ మీదే.

దయచేసి ఆరో ఫారం పంపండి. ఏ పుస్తకానికి చుట్టినా సరే. ఏ పుస్తకమూ లేకపోయినా సరే.

ఇంట్లో పరువు పోయిన
జలపతిరావు

తా.క. కుట్టుపని పుస్తకం చూసి సక్కుబాయి రాత్రికి రాత్రే నాకొక అంగీ కుట్టింది. చేతులు రెండూ ఒకే వైపుకు వచ్చాయి. ఇది కూడా మీ పద్దులోనే రాసుకోండి.


కరీంనగర్,
26 జూలై 1986

జలపతిరావు గారికి వందనాలు.

మీకు ఉన్నమాట చెప్పాలి. కొట్టు వెనక గదిలో ఈ పుస్తకం ఫారాలు కట్టలుగా పడి ఉండేవి. ఫారానికి ఒక కట్ట. పార్సిళ్లకు ముందు మొదటి కట్ట వాడాను, తరువాత రెండోది. అలా ఏళ్లుగా నాలుగు కట్టలు అయిపోయాయి. ఇప్పుడు అయిదో కట్ట నడుస్తున్నది. కాబట్టి ఎవరు ఏది కొన్నా అదే వస్తుంది.

ఆరో ఫారం దాచలేదు. అసలు లేదు. అచ్చు కాలేదు.

ఇంకొక సంగతి. బోథ్ నుంచి వరుసగా ఆర్డర్లు వచ్చేసరికి భూపాల్‌రావు గారు చాలా సంతోషపడ్డారు. మీ ఊళ్లో కోళ్ల పెంపకం జోరుగా సాగుతున్నదని ఆయన నమ్మకం. కారణం నేను చెప్పాను. "కాగితం కోసం పుస్తకం కొనెటోళ్లుంటరా మగ్దలేనమ్మా? నువ్వు జర బయట తిరుగు, లోకం తెలుస్తది" అని నవ్వారు. వచ్చే అంగడి రోజున మీ ఊళ్లో దుకాణం పెడతామంటున్నారు. కోళ్ల పుస్తకాలు యాభై కట్టించారు. ఆపలేకపోయాను.

మీరు చదువుతారని విని సంతోషం. నేనూ చదువుతాను, నిలబడి. కొత్త పుస్తకం వస్తే చేతులు కడుక్కుని, దాని వీపు విరగకుండా సగమే తెరిచి చదివి, అమ్మేస్తాను. చాలా పుస్తకాల కడపటి పేజీ నేను చూడకముందే ఎవరో కొనుక్కుపోతారు. అలవాటైంది. మీరూ అలవాటు చేసుకోవచ్చు.

ఎం. మగ్దలేనమ్మ

తా.క. అంగీ ఉతికి చూడండి. ఒక్కోసారి సర్దుకుంటుంది.


బోథ్,
12 ఆగస్టు 1986

మగ్దలేనమ్మ గారికి, అలవాటు చేసుకోలేని జలపతిరావు నుంచి.

మీ భూపాల్‌రావు గారు వచ్చి పోయారు. అంగడిలో మిరపకాయల అమ్మకం పక్కన గొడుగు వేసుకుని కూర్చున్నారు. జనం విరగబడ్డారు. ఆయన మొహం వెలిగిపోయింది. మొదట సక్కుబాయి పోయి, "సుగుణది ఆరోది ఉన్నదా?" అంది. ఆయన కోళ్ల పుస్తకం చూపించాడు. తరువాత లింగారావు పోయి ఆరోది అడిగాడు. తరువాత మా పాలేరు రాములు. రాములుకు చదువు రాదు, అయినా అడిగాడు. సాయంత్రానికి భూపాల్‌రావు గారు గొడుగు ముడుచుకుని, "గీ ఊర్ల అందరికి ఒక్కటే పరేషానీ ఉన్నది. నాకు సమజయితలేదు" అంటూ బస్సెక్కారు. పుస్తకాలు మా ఇంట్లోనే వదిలిపెట్టారు. ఇప్పుడు మా ఇంట్లో యాభై కోళ్ల పుస్తకాలున్నాయి, ఒక్క కోడి లేదు.

ఇక అసలు మాట. ఆరో ఫారం అచ్చు కాలేదన్నారు. అచ్చు కాకపోయినా రాసినామె ఉంటుంది కదా? ఆమెకు తెలిసే ఉంటుంది కదా? "రాసినామె" అని మొదటి కార్డులోనే మీరు అన్నారు. అంటే మీకు తెలుసు. ఆమె పేరు, ఊరు చెప్పండి. తారాబాయి స్వయంగా వస్తానంటుంది. పెళ్లయి నలభై ఏళ్లు, నాతో తీర్థాలకు రమ్మంటే మోకాళ్లు నొప్పులన్న మనిషి.

రెండు పక్షాల తరఫున,
జలపతిరావు

తా.క. అంగీ ఉతికాము. ఇప్పుడు రాములుకు కూడా పట్టదు.


కరీంనగర్,
21 ఆగస్టు 1986

జలపతిరావు గారికి వందనాలు.

రచయిత్రి పేరు చెప్పను. చెప్పవద్దని ఆమె కోరిక.

1969 తరువాత ఆమె ఒక్క వాక్యం రాయలేదు. ఆమెను ఇక కదిలించకండి. మీ ఇంట్లోవారికి అంత దయ ఉంటే ఆమె కోసం ఒక చిన్న ప్రార్థన చేయండి. ఆమెకు మనం చేయగలిగింది అంతే.

తారాబాయి గారి మోకాళ్లకు నువ్వుల నూనె రాయండి.

ఎం. మగ్దలేనమ్మ


బోథ్,
20 సెప్టెంబరు 1986

అమ్మా మగ్దలేనమ్మా, భారమైన మనసుతో జలపతిరావు రాయునది.

మీ కార్డు అందింది. అరుగు మీద అందరికీ చదివి వినిపించాను. మీ నోటితో చెప్పలేక ప్రార్థన చేయమన్నారు. మాకు అర్థమైంది. హనుమండ్లు కార్డు ఇచ్చేటప్పుడే తల దించుకుని ఇచ్చాడు. కార్డులన్నీ ముందు అతనే చదువుతాడు, మీకు తెలుసు కదా.

అమ్మా, ఆమె మీకు బాగా కావలసిన మనిషి అయి ఉంటుంది. మేం ఆరో ఫారం ఆరో ఫారం అని మీ ప్రాణం తీశాం. క్షమించండి.

ఊరుకోలేక, పోయిన వారం గురువారం గ్రంథాలయంలో సంతాప సభ పెట్టాం. ఆమె ఫోటో లేదు కనుక కుర్చీలో పదహారు పేజీలు పెట్టి బంతిపూల దండ వేశాం. నలభైమంది వచ్చారు. లింగారావు మాట్లాడుతూ, "ఆమె పేరు మనకు ఎరుకలేదు, మొకం ఎరుకలేదు. గని మన ఇండ్లల్ల మూడు నెల్ల సంది ఆమె మాట తప్ప వేరే మాట లేదు" అన్నాడు. రెండు నిమిషాలు లేచి నిలబడ్డాం. ఒక నిమిషం కాకముందే సక్కుబాయి, "గా ఉత్తరంల ఏమున్నదో చెప్పకుంటనే పాయెనా!" అని ఏడుపు అందుకుంది. రెండో నిమిషం ఆమెను ఊరుకోబెట్టడంతో సరిపోయింది.

తీర్మానాల నకలు దీనితో పంపుతున్నాను.

ఒకటి: పేరు తెలియని మహా రచయిత్రి మృతికి బోథ్ పాఠకులు తీవ్ర సంతాపము తెలియజేయడమైనది.

రెండు: సుగుణకు వచ్చిన ఉత్తరము విషయమై ఇరుపక్షములు పదమూడు దినములు వాదన నిలిపివేయవలెను.

మూడు: ఈ తీర్మానము రచయిత్రి కుటుంబ సభ్యులకు మానేరు బుక్ డిపో వారి ద్వారా అందజేయవలెను.

రెండో తీర్మానం నాలుగో రోజే తప్పింది. ఎవరివల్లనో రాయను, ఈ ఉత్తరం కింద ఆమె కూడా రాస్తానంటున్నది.

మీ దుఃఖంలో పాలుపంచుకునే
జలపతిరావు

తా.క. నేను తారాబాయిని. నాకు పుస్తకాల అలవాటు లేకుండె. పొద్దుగాల పనులయినంక గీ పదహారు పేజీలు చదువుత. పిన్ను తీసే కాడికి వచ్చి ఆగుత. రోజు గట్లనే. ఒక్క మాట అడుగుత అక్కా, మనసుల పెట్టుకోకు. ఆమె పోయింది, సరే. మరి సుగుణ గా కిటికీ కాడ, కండ్లు మూసుకొని, గట్లనే నిలబడాల్నా? ఎన్నొద్దులని?


కరీంనగర్,
9 అక్టోబరు 1986

జలపతిరావు గారికి, తారాబాయి గారికి, మీ ఊరివారందరికీ మగ్దలేనమ్మ వందనాలు.

కార్డు సరిపోదని కవరు తీసుకున్నాను. హనుమండ్లు గారు నొచ్చుకోకూడదు.

మీ సంతాప తీర్మానం అందింది. అందించవలసినవారికి అందజేశాను. ఆమె చదువుకుంది. రెండు నిమిషాలు ఆమె కూడా లేచి నిలబడింది.

తప్పు నాదే. మా మెథడిస్టు సంఘంలో బ్రతికి ఉన్నవారి కోసమే ప్రార్థన చేస్తాం. పోయినవారిని దేవునికి అప్పగించి ఊరుకుంటాం. ప్రార్థన చేయండి అంటే మనిషి ఉన్నదని మీకు తెలుస్తుందనుకున్నాను. మీలో అది వేరుగా ఉంటుందని నాకు తోచలేదు.

రచయిత్రి బ్రతికే ఉంది. మీ కోళ్ల పుస్తకం ఆమే కట్టింది.

తారాబాయి గారికి జవాబు చెప్పాలి. అందుకే ఇంత రాస్తున్నాను.

మేం నలుగురం. నేను పెద్దదాన్ని. మా అయ్య పోయినప్పుడు చిన్న తమ్ముడు పేతురు నడక నేర్వలేదు. సంఘంలో ఏలియా అనే మనిషి ఉండేవాడు. జమ్మికుంట దగ్గరి పల్లె. పెళ్లి మాట అడిగాడు. నేను ఏమన్నానో మీరు చదివారు. బెల్లంపల్లి పోయాడు. 1969 జనవరిలో ఆయన దస్తూరితో కవరు వచ్చింది.

రమ్మంటే పోలేను. వద్దంటే తట్టుకోలేను. తెరవకపోతే రెండూ లేవు. బైబిలులో కీర్తనల దగ్గర పెట్టాను. పుస్తకంలో పప్పు డబ్బా అని రాశాను, బైబిలు అని రాయడానికి భయమేసి.

అప్పుడు కొట్టు భూపాల్‌రావు గారి తండ్రిది. నేను ఏదో రాసుకుంటున్నానని ఆయన చూసి, నెలకొక ఫారం రాయి, అచ్చు వేస్తాం, పూర్తయ్యాక కుట్టిద్దాం అన్నారు. అయిదు నెలలు రాశాను. అయిదో ఫారం చివర సుగుణ ఉత్తరం తెరవాలి. లోపల ఏముందో నేను రాయాలి. నా ఉత్తరంలో ఏముందో నాకు తెలియదు. ఏం రాసినా అబద్ధమవుతుందనిపించింది. ఆ ఏడు ప్రత్యేక రాష్ట్రం గొడవలకు ప్రెస్సు మూతపడింది. పుస్తకం అందుకే ఆగిందని అందరూ అనుకున్నారు. ప్రెస్సు మూడు నెలలకు తెరుచుకుంది. నేను తెరవలేదు.

చెల్లెళ్ల పెళ్లిళ్లయ్యాక తెరుద్దామనుకున్నాను. తరువాత పేతురు చదువయ్యాక. తరువాత తెరవడానికి కారణం మిగలలేదు. ఈలోగా ఏలియాకు పెళ్లయిందని విన్నాను. ఫారాలకు చెదలు పడుతున్నాయని కొట్టులో అంటే పార్సిళ్లకు వాడతానన్నాను. నాకు బాధ కాలేదు. ఎవరూ చదవరనుకున్నాను.

పోయిన ఆదివారం ఆరాధన నుంచి వచ్చి, తారాబాయి గారు రాసిన నాలుగు మాటలు మళ్లీ చదివాను. కిటికీ దగ్గర నిలబడ్డాను. తలలోంచి పిన్ను తీశాను. పదిహేడేళ్ల జిగురు, పిన్ను పెట్టగానే ఊడి వచ్చింది.

ఉత్తరం మొదటి వరుస ఇది: "మా అవ్వ సత్తవ్వకు ఏలియా దండం పెట్టి రాయునది. బర్రె ఈనిందా?"

రెండోసారి చదివాను. అదే ఉంది. బర్రె ఈనితే జున్ను చిన్నాయన ఇంటికి పంపమని, కొట్టం మీద తాటాకు మార్పించమని, తన దగ్గు తగ్గిందని. కింద సంతకం.

ఆయన ఒకే రోజు రెండు ఉత్తరాలు రాసి ఉంటాడు. ఒకటి తల్లికి, ఒకటి నాకు. కవర్లు మార్చి పెట్టాడు. పదిహేడేళ్లు నేను కీర్తనల మధ్య దాచుకుని, రోజూ మోకాళ్ల మీద దేవుని ముందు పెట్టింది ఒక బర్రె సంగతి.

నవ్వు వచ్చింది. చాలాసేపు నవ్వాను. పక్కింటివాళ్లు తొంగిచూశారు.

ఆ తరువాత ఒకటి గుర్తుకు వచ్చింది. ఆ ఏడు ఎండాకాలంలో సత్తవ్వ కొట్టుకు వచ్చింది. ఆమెకు చదువు రాదు. పుస్తకాల కొట్టులో ఈమెకేం పని అనుకున్నాను. గడపలో నిలబడి నా మొహమే చూసింది.

"నువ్వేనా బిడ్డా?" అంది.

"ఏం గావాలె పెద్దమ్మా?" అన్నాను.

"ఏం వద్దు. చూసిపోదామని అచ్చిన" అంది. కొంగు ముడి విప్పబోయింది. ఇంతలో ఎవరో పలకలు అడిగారు. నేను పలకలు లెక్కపెట్టి ఇచ్చి వెనక్కి తిరిగేసరికి ఆమె లేదు. ఆమె ఏలియా తల్లి అని తరువాత సంఘంలో ఎవరో చెప్పారు. ఆ ఎండలో ఎవరి చేతనో చదివించుకుని, నాకు రావలసిన ఉత్తరం నాకు ఇద్దామని అంత దూరం వచ్చింది. నేను అడుగుతాననుకుని ఉంటుంది. నాకు అడగాలని తెలియదు. ఇప్పుడామె లేదు. ఏలియాకు ఎదిగిన పిల్లలు. ఆయనను అడగను. ఆయన ఇంట్లో ఆ మాటకు ఇక చోటు లేదు.

కాబట్టి జలపతిరావు గారూ, నాకు ఆ మనిషి ఏం రాశాడో మీకంటే నాకు ఎక్కువ తెలియదు. ఇక తెలియదు కూడా. మీ పక్షం కావచ్చు, తారాబాయి గారి పక్షం కావచ్చు.

మొదట ఆ మాట చాలా బరువుగా ఉంది. రెండు రోజులు పార్సిళ్లు వంకరగా కట్టాను. మూడో రోజు తేలికైంది. నా ఉత్తరంలో ఏముందోనన్న భయంతోనే సుగుణను నిలబెట్టాను. నాదాంట్లో బర్రె ఉంది. సుగుణది వేరే ఉత్తరం. దాంట్లో ఏముండాలో చెప్పవలసింది రాజరత్నం కాదు, నేను.

తారాబాయి గారూ, ఆమె ఇక కళ్లు మూసుకుని నిలబడనవసరం లేదు. నిన్న కొట్టులో గిరాకీ లేని వేళ, స్టూలు జరుపుకుని కూర్చుని, 81వ పేజీ మొదలుపెట్టాను. మొదటి మాట ఇదీ:

"చించింది."

ఆ తరువాతి మాట కోసం ఈరోజు మళ్లీ కూర్చుంటాను. నెలకొక ఫారం కంటే ఎక్కువ రాయలేను. ఆగగలరు కదా.

మగ్దలేనమ్మ

తా.క. ఆ బర్రె సుఖంగా ఈనాలని ప్రార్థన చేద్దామని మోకరించాను. పదిహేడేళ్లయిందని గుర్తొచ్చి లేచాను. మా పద్ధతిలో కుదరదు. మీ పద్ధతిలో వీలుంటే చూడండి.